ఏకాంబర శెట్టి అంగడి బాకీ

మా ఊళ్ళో నా గొంతు విన్నవాళ్ళ కన్నా నా దస్తూరి చూసినవాళ్ళే ఎక్కువ. ఐరాల బళ్ళో ఎనిమిదో తరగతి వరకు చదివాను. యుద్ధం జరిగినన్నాళ్ళూ పట్టాళంలో ఉన్న కొడుకులకు ఊళ్ళో తల్లులు ఉత్తరాలు రాయించుకున్నది నా చేతే. జవాబులు వస్తే చదివి వినిపించిందీ నేనే. కాగితం చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఎవరైనా ఎదురుగా నిలబడి "ఏం మే మునిలక్ష్మీ, అన్నం తింటివా?" అని అడిగితే మాత్రం తల ఊపి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. "ఈ బిడ్డకు దేవుడు నోరు పెట్టడం మర్చిపోయినాడు" అని గురవమ్మ అవ్వ అందరి ముందూ అనేది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం చిత్తూరు నుంచి జయరావు అనే మనిషి మా ఊరికి వచ్చాడు. ఖాకీ చొక్కా, అరిగిపోయిన మిలిటరీ బూట్లు, ఒక చేతిలో గొడుగు. చంకలో పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం. మా తిన్నె మీద కూర్చుని నాలుగు ఇళ్ళవాళ్ళను పేర్లు పెట్టి పిలిపించాడు.

ఆ పుస్తకం ఏకాంబర శెట్టిది. చిత్తూరు బజారు వీధిలో ఆయనకు అంగడి ఉండేది. కుట్టుమిషన్లు, సైకిళ్ళు, గోడ గడియారాలు, ఇత్తడి సామాన్లు కంతుల మీద ఇచ్చేవాడు. కొంత ముందు కట్టి వస్తువు తెచ్చుకుంటే, మిగిలింది నెలకొక కంతు చొప్పున కట్టాలి. నాకు మూడేళ్ళప్పుడు మా ఊరివాళ్ళు నలుగురు ఆ అంగడికి బండి కట్టుకుని పోయారట. మునెయ్య మామ సైకిలు తెచ్చుకున్నాడు. గురవమ్మ అవ్వ కూతురి పెళ్ళికి ఇత్తడి గంగాళం తెచ్చింది. చిన్నబ్బ తాత గోడ గడియారం తెచ్చాడు. మా నాయన వెంకటముని అమ్మ కోసం కుట్టుమిషను తెచ్చాడు.

తర్వాత ఏడాదిన్నరకు మా నాయన విషజ్వరంతో పోయాడు. ఆ మరుసటి ఏడు శెట్టి వ్యాపారం దెబ్బతిని, అంగడి మూసి చెన్నపట్నంలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయాడు. బాకీ అడగడానికి ఎవరూ రాలేదు. తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ మిషను మీదే అమ్మ రవికలు, చిన్నపిల్లల గౌన్లు కుట్టి నన్ను పెంచింది. యుద్ధకాలంలో కార్డు మీద ఇచ్చే కంట్రోలు గుడ్డ కూడా దొరకని నెలల్లో పాత చీరలు కత్తిరించి కుట్టింది.

"శెట్టి ఈ పుస్తకం నాకు అమ్మినాడు" అన్నాడు జయరావు. "మీ బాకీలు ఇప్పుడు నాకు రావాల. నేనేమీ రాక్షసుణ్ణి గాను. తొమ్మిదేండ్ల వడ్డీ మొత్తం వదిలేస్తాండా. అసలు మాత్రం ఆరు నెలల్లో ఇస్తామని ఒక కాగితం రాసి, స్టాంపు బిళ్ళ మీద వేలిముద్ర వెయ్యండి. అంతే."

"వెయ్యకపోతే?" అన్నాడు మునెయ్య మామ.

"కోర్టు అమీను బండి తోలుకోని వస్తాడు. సైకిలు, గంగాళం, మిషను అన్నీ బండికెక్కిస్తాడు."

"గడియారమో?" అని చిన్నబ్బ తాత ఆశగా అడిగాడు.

"గడియారం గూడా."

"అట్లయితే అమీనును బిన్నా, రేపే రమ్మను సామీ. అంగడి దాటి బండెక్కిన దినమే అది నిలిచిపోయింది. పన్నెండేండ్లుగా మా ఇంట్లో పొద్దు పదీ పదికి మించి పోలేదు."

అందరూ నవ్వారు. జయరావు కూడా నవ్వాడు. వడ్డీ వదిలేస్తాననే సరికి అప్పటికే వాళ్ళ మనసులు మెత్తబడ్డాయి. గురవమ్మ అవ్వ రెండు చేతులూ జోడించింది.

"కొండ మీదుండే సామికే కుబేరుడు వడ్డీ వదల్లేదు. నువ్వు కుబేరుని కన్నా మంచోనివి నాయనా. యాడ వెయ్యాలో సెప్పు, ఏలు."

"రాసేదానికి మీ ఊరి బిడ్డ ఎవరైనా ఉంటే మీకూ నమ్మకం" అన్నాడు జయరావు. నలుగురూ నా వైపు చూశారు. ఆయన తన ఇంకు పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. అటువంటి పెన్నుతో నేను అంతకు ముందు రాయలేదు. ఆయన చెబుతుంటే నాలుగు కాగితాలు రాశాను. "పై బాకీ నేను ఆరు మాసముల లోపల తప్పక చెల్లించగలను" అని ప్రతి కాగితం చివరా రాశాను. మా కాగితంలో బాకీ నలభై రూపాయలు. ఆ అంకె వేస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "నలభైయా?" అని మెల్లగా అంది. నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు.

ఆదివారం కాబట్టి తపాలాఫీసు మూసి ఉంది. బిళ్ళలు దొరకవు. "శుక్రవారం బిళ్ళలు తెస్తా. కాగితాలు నీ కాడనే ఉంచు పాపా. ఇట్లాంటి దస్తూరి తాలూకా కచేరీలో గూడా లేదు" అని జయరావు వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

మంగళవారం చిత్తూరు పోవలసిన పని పడింది. కోర్టు వెనక సందులో చంద్రకాంతమ్మ గారికి అమ్మ కుట్టిన రవికలు ఇచ్చి రావాలి. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్ళు ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పని చేసి చనిపోయాడు. ఆయన ఇంటికి తెచ్చే దావా కాగితాలకు నకళ్ళు రాసింది మాత్రం ఆవిడే. ఆ సంగతి వకీలుకు చివరిదాకా తెలియదట. నా దస్తూరి చూసి మెచ్చుకునేది కూడా ఆవిడే. అందుకే రవికల మూటలో మా కాగితం మడిచి పెట్టుకున్నాను, చూపించి మెప్పు పొందాలని.

పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. మిట్ట దగ్గర మగవాళ్ళంతా దిగి తోశారు. నేను చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చంద్రకాంతమ్మ గారు మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ కూర్చుని ఉన్నారు. రవికలు పక్కన పెట్టి కాగితం చేతికిచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ చదివారు.

"దస్తూరి బాగుండాది. ఇట్లాంటివి ఎన్ని రాసినావు?"

నాలుగు వేళ్ళు చూపించాను.

"మంచి పని చేసినావు. నలుగురి మెడకూ ఉరి పేనినావు."

నాకు అర్థం కాలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం వచ్చేశాయి. ఆవిడ దగ్గరకు రమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఏడవద్దు, విను. అంగట్లో సామాను అప్పుకు తెస్తే, కట్టాల్సిన గడువు తీరినాక మూడేండ్ల లోపల అంగడివాడు కోర్టుకు రావాల. రాకుంటే తలుపు మూసేస్తారు. బాకీ పోయిందని కాదు. బాకీ ఉంటాది. దాని కోసం కోర్టు ఎక్కే దారి ఉండదు. మీ శెట్టి అంగడి మూసి ఎన్నేండ్లాయ?"

"తొమ్మిది" అన్నాను.

"అంటే ఈ జయరావు కోర్టుకు పోతే గుమాస్తానే నవ్వి పంపిస్తాడు. ఆ సంగతి వానికీ తెలుసు. అందుకే ఈ కాగితం. పాత బాకీ ఇస్తానని మనిషి కొత్తగా రాసి చేవ్రాలో వేలిముద్రో వేస్తే, అది కొత్త ఒప్పందం. దాని మీద దావా నడుస్తాది. మూసిన తలుపు తెరవడానికి తాళంచెవి మీ చేతనే చేయిస్తాండాడు."

"ఇంకా వేలిముద్రలు వెయ్యలేదు" అన్నాను. "శుక్రవారం వస్తాడు."

"దేవుడు ఆదివారం తపాలాఫీసు మూసి మంచి పని చేసినాడు."

"కాగితాలు నా దగ్గరే ఉండాయి. చించేస్తే?"

అది నా మనసులో అప్పటికే తిరుగుతున్న మాట. చించేసి పొయ్యిలో పెడితే ఎవరితోనూ ఏమీ మాట్లాడనక్కర లేదు.

"చించితే వాడు ఇంకో నాలుగు రాయిస్తాడు. కాగితం చించితే ఏం లాభం? ఆ నలుగురికీ తెలియాల. నువ్వు చెప్పాల."

"నేనా?"

"నన్ను రమ్మంటావా? నాకు మోకాళ్ళు లేవు. నీకు నోరు లేదు. నా మోకాళ్ళు ఇంక రావు."

నేను లేచే ముందు ఆవిడ మరి కొన్ని సంగతులు చెప్పారు. శెట్టి బాకీలు ఇతనికి అమ్మినట్టు కాగితం ఉందో లేదో అడగమన్నారు. కుట్టి బతికేవాళ్ళ మిషను ఏ అమీనూ జప్తు చేయకూడదని చట్టంలో ఉందన్నారు. "ఇయ్యాలని మీ అమ్మకు మనసుంటే ఇయ్యనీ, తప్పు లేదు. తక్కువ కన్నా తక్కువకు మాట్లాడుకోని ఒక్కసారే ఇచ్చి, మొత్తం తీరిందని రసీదు తీసుకోవాల. కొంచెం కొంచెంగా ఇయ్యొద్దు. మీ వైపు నుంచి ఏమీ రాసియ్యొద్దు."

ఇంటికి రాగానే అమ్మతో చెప్పాను. అమ్మతో అయితే మాట్లాడగలను. పూర్తిగా వినకముందే అమ్మ మొహం మారిపోయింది.

"మూడేండ్లు దాటిందని ఎగ్గొట్టమంటావా? మీ నాయన మాట ఇచ్చి తెచ్చిన మిషను మే ఇది!"

"ఎగ్గొట్టమని కాదమ్మా. వేలిముద్ర వెయ్యొద్దంట."

అమ్మ లేచి మిషను మీది చెక్క మూత తీసి తిరగేసి నా ముందు పెట్టింది. లోపలి వైపు కుంకుమ బొట్లు ఉన్నాయి. ఆముదంలో కలిపి పెట్టినందువల్ల చెక్కలో ఇంకి నల్లబడ్డాయి. వరసకు అయిదు. మూడు వరసలు నిండా ఉన్నాయి. నాలుగో వరసలో ఒక్కటే ఉంది. ఆ మూత నేను రోజూ చూస్తున్నదే. ఎప్పుడూ తిరగేసి చూడలేదు.

"ఇరవై కంతులు, కంతుకు అయిదు రూపాయలు. మీ నాయన కట్టి వచ్చిన ప్రతిసారీ నేనొక బొట్టు పెట్టినా. పదహారు కట్టినాడు. నాలుగు మిగిలినాయి. నాలుగైదులు ఇరవై. ఆ పెద్దమనిషి నలభై అంటాండాడు."

"మరి ఆదివారం ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆయన పుస్తకం పట్టుకోని వచ్చినాడు. నా కాడ బొట్లుండాయి. పుస్తకం ముందర బొట్లు తీసి ఎవురికి సూపిస్తావు?"

అమ్మ నా కన్నా ధైర్యం కల మనిషి అనుకునేదాన్ని. ఆ మాట విన్నాక ఇద్దరం ఒకటే అనిపించింది.

"ఇరవై ఇస్తా. అది మీ నాయన మాట. నలభైకి వేలు పెట్టను" అని అమ్మ మూత పెట్టేసింది. "తక్కిన ముగ్గురికీ పోయి సెప్పిరా. రాసింది నువ్వు, సెప్పాల్సిందీ నువ్వే."

బుధవారం పొద్దున మునెయ్య మామ ఇంటికి వెళ్ళాను. ఆయన దూడకు తలుగు తాడు కడుతున్నాడు. "ఏమి మే, ఏం కావాల?" అన్నాడు. నోరు తెరిచాను. "మజ్జిగ" అన్నాను. మామ పెళ్ళాం చెంబు నిండా మజ్జిగ పోసిచ్చింది. మా ఇంట్లో మజ్జిగ ఉంది. ఆ చెంబు పట్టుకుని తిరిగి వచ్చేశాను. అమ్మ చెంబును చూసింది, నన్ను చూసింది.  

మధ్యాహ్నం కూర్చుని ఆలోచించాను. పట్టాళం నుంచి వచ్చిన ఉత్తరాలు చదివేటప్పుడు నా గొంతు వణకదు. కోపతాపాలున్న ఉత్తరాలు కూడా గట్టిగా చదివేదాన్ని. అవి నా మాటలు కావు కదా. సరే, నా మాటలే ఉత్తరం చేద్దాం అనుకున్నాను. మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది పట్టుకుని మళ్ళీ మునెయ్య మామ ఇంటికి వెళ్ళి, చెంబు తిరిగి ఇచ్చి, "ఉత్తరం వచ్చింది మామా" అన్నాను.

"నాకా? ఎవురు రాసినారు?"

"చదువుతా, విను" అని మొదలుపెట్టాను. "మునెయ్య మామకు మునిలక్ష్మి నమస్కరించి వ్రాయునది. ఆదివారం నాడు తెలియక నేనొక తప్పు చేసితిని..."

మామ నోరు తెరుచుకుని విన్నాడు. తోలుకొస్తున్న దూడ తాడు చేతిలోంచి జారిపోయింది. చివరిదాకా చదివి మడిచాను.

"అంటే నేను ఇయ్యపన్లేదా?"

"కోర్టుకు పోలేడు మామా. ఇచ్చేదీ మానేదీ నీ ఇష్టం."

"సైకిలు అమ్మేసి ఎనిమిదేండ్లాయ. ఇంక ఇస్తానా?" అని మామ పెద్దగా నవ్వాడు. ఆయన పెళ్ళాం మాత్రం నా గడ్డం పట్టుకుని "నీ తప్పేముంది లేమ్మా" అంది.

గురవమ్మ అవ్వకు చదివితే ఆవిడ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "నోరు లేదనుకుంటే కాగితంలో దాచిపెట్టుకోనుండావా!" అంది. తర్వాత ఆలోచనలో పడింది. "బాకీ పెట్టుకోని చస్తే వాని ఇంట్లో ఎద్దై పుట్టాల మే. కోర్టు మూడేండ్లకు మరిచిపోతే యముడు మరిచిపోతాడా?"

"ఇయ్యొద్దని ఉత్తరంలో లేదవ్వా. రాసియ్యొద్దని ఉండాది."

"అదేందో మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను. మూడుసార్లు చదివించుకుంది. చిన్నబ్బ తాతకు ఒకసారి చదివితే చాలింది. "గడియారం తీసుకోని పొమ్మంటా" అని ఒక్క మాటలో తేల్చేశాడు.

శుక్రవారం పొద్దున్నే జయరావు వచ్చాడు. బిళ్ళల కాగితం, సిరా మెత్త తిన్నె మీద పెట్టాడు. నలుగురూ వచ్చి కూర్చున్నారు.

"కాగితాలు తే పాపా."

తెచ్చాను. నాలుగు కాగితాల మీద అయిదోది ఉంది. దాన్ని విప్పాను.

"మీకొక ఉత్తరం ఉండాది" అన్నాను.

"నాకా?"

 కాగితం మీదే చూపు పెట్టి చదివాను. "జయరావు గారికి నమస్కరించి వ్రాయునది. మీరు నా చేత వ్రాయించిన కాగితములు నా వద్ద భద్రముగా ఉన్నవి. వాటి మీద మా ఊరివారు వేలిముద్ర వేయరు. గడువు తీరి మూడేండ్లు దాటిన బాకీకి కోర్టులో దావా లేదు. క్రొత్తగా వ్రాసి ఇచ్చిన గాని ఉండదు. శెట్టి గారు మీకు బాకీలు అమ్మినట్లు కాగితము ఉన్న యెడల చూపవలెను."

చదవడం అయిపోయింది.  జయరావు మొహం ఎర్రబడింది.

"ఏ వకీలు రాసిచ్చినాడు ఇది?"

"అది మా బిడ్డ దస్తూరే గదప్పా" అంది గురవమ్మ అవ్వ. "కచేరీలో గూడా లేదని నువ్వే అంటివి."

"వడ్డీ వదిలేసిన వానికి ఇదా మర్యాద? రేపు అమీను వచ్చి మిషను బండికెక్కిస్తే ఏం చేస్తావు పాపా? దానికీ ఉత్తరం రాస్తావా?"

ఆ మాటకు జవాబు నా కాగితంలో లేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. అమ్మ గుమ్మంలో ఉంది. కాగితాన్ని ఎంతసేపు చూసినా అందులో కొత్త మాట పుట్టదు. తల ఎత్తాను.

"ఎక్కించకూడదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుట్టి బతికేవాళ్ళ మిషను జప్తు చెయ్యకూడదు. చట్టంలో ఉండాది. మీకూ తెలిసే ఉంటాది సార్. తెలుసో లేదో మీరే చెప్పండి."

జయరావు గొడుగు అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఎర్ర పుస్తకంలోంచి ఒక మడత కాగితం తీసి నా ముందు పడేశాడు. అది శెట్టి రాసిచ్చిన కాగితమే. పుస్తకంలోని బాకీలన్నీ అరవై రూపాయలకు ఇతనికి అమ్మినట్టు ఉంది. కింద శెట్టి చేవ్రాలు, ఇద్దరు సాక్షులు.

"సరిగానే ఉండాది" అని అందరికీ చెప్పాను.

"సరిగా లేకుండా ఎట్లుంటాది?" అన్నాడు జయరావు. అతని గొంతు తగ్గింది. "నాలుగేండ్లు మిలిటరీ డిపోలో లెక్కలు రాసినా. యుద్ధం అయిపోయింది, పొమ్మన్నారు. చేతిలో ఉన్న అరవై దీంట్లో పెట్టినా. నాకూ ముగ్గురు బిడ్డలుండారు తల్లీ."

అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. మిషను మూత రెండు చేతులతో పట్టుకుని వచ్చి, తిరగేసి ఆయన ముందు పెట్టింది.

"సూడప్పా. ఇది నా పుస్తకం. పదహారు కంతులు కట్టినాము. నీ పుస్తకంలో ఎన్ని ఉండాయి?"

జయరావు పుట తిప్పాడు. నేను వంగి చూశాను. మా నాయన పేరు, దాని కింద పన్నెండు కంతుల వరసలు. ఆ కింద కాగితాన్ని చెదలు తినేశాయి.

"పన్నెండు ఉండాయి" అన్నాడు.

"అడుగున చెదలు తిన్నది గదా?" అన్నాను నేను.

"తిన్నది. దాని కింద ఏముందో నాకెట్ల తెలుస్తాది? కనపడేది లెక్క వేసినా."

"చెదలు తిన్న నాలుగు నెల్లు మళ్ళీ మేము కట్టాలనా?" అంది అమ్మ.

"బొట్లు కోర్టులో చెల్లవమ్మా."

"నువ్వు యాడ పోతావప్పా కోర్టుకు? మా బిడ్డ ఇప్పుడే గదా సదివింది" అంది అమ్మ. "కాణిపాకంలో చెల్లుతాయి. ఈడికి మూడు మైళ్ళు. ఇప్పుడే పోదాం రా. ఇరవై మాత్రమే ఇయ్యాలని నేను తడిగుడ్డతో ప్రమాణం చేస్తా. నలభై రావాలని నువ్వు చెయ్యి. ఆ వినాయకుని ముందర ఎవురి పుస్తకం నిజమో తేలిపోతాది."

మా వైపు కాణిపాకం పేరు చెబితే దొంగసాక్షి చెప్పేవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. జయరావు పుస్తకం మూశాడు. మూత దగ్గరకు లాక్కుని ఆ బొట్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మునెయ్య మామ ఏదో అనబోతే గురవమ్మ అవ్వ మోచేత్తో పొడిచింది.

"ప్రమాణం వొద్దమ్మా" అన్నాడు చివరికి. "నీ బొట్లే నిజం. ఇరవై ఇయ్యి."

అమ్మ లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చింది. తిరుపతి గంగజాతరకని చుట్టుపక్కల ఆడవాళ్ళు కుట్టించుకున్న రవికల డబ్బు అది. నోట్లు, అర్ధరూపాయలు, అణాలు అన్నీ కలిపి ఇరవై. 

"రసీదు కావాల" అంది.

"నేనే రాస్తా" అన్నాను.

బాకీ మొత్తం తీరినదని, ఇక మీదట ఏ విధమైన హక్కూ లేదని రాశాను. ఇరవై రూపాయల రసీదుకు బిళ్ళ అక్కర లేదన్నాడు జయరావు. "మాకు అంటించాలని తెచ్చినవే గదా, ఒకటి అంటించి చేవ్రాలు పెట్టు. మాకు తృప్తి" అంది అమ్మ. ఆయన బిళ్ళ నాలికతో తడిపి అంటించి దాని మీద చేవ్రాలు పెట్టాడు. మా కాగితాన్ని నేను అక్కడే నాలుగు ముక్కలు చేశాను. మిగిలిన మూడూ ఎవరివి వాళ్ళ చేతికిచ్చాను.

మునెయ్య మామ తనది మడిచి చుట్టకు నిప్పు అంటించుకోవడానికి పనికొస్తుందన్నాడు. గురవమ్మ అవ్వ మాత్రం జయరావు దగ్గరకు జరిగింది.

"నాయనా, నేను రాసియ్యను. వేలు పెట్టను. మామిడికాయలు అమ్మినాక మొత్తం ఒక్కసారే ఇస్తా, ఇట్లాంటి రసీదే ఇయ్యాల. నీకు ఎద్దుగా పుట్టే ఓపిక నాకు లేదు."

"నువ్వు ఎద్దువై పుడితే నిన్ను తోలేదానికి నాకూ ఓపిక ఉండదవ్వా" అన్నాడు జయరావు. ఆ రోజు మొదటిసారి ఆయన నవ్వింది అప్పుడే.

చిన్నబ్బ తాత గడియారం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, బాకీ తీరినట్టు తనకూ రసీదు రాయించుకున్నాడు. చిత్తూరులో బాగు చేయించి అమ్ముకుంటే బాకీ కన్నా ఎక్కువే వస్తుందని జయరావే ఒప్పుకున్నాడు. అమ్మ ఆయనకు పెద్ద లోటా నిండా మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, పుస్తకమూ గడియారమూ రెండు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చే వారం కొత్తపల్లెకు పోవాల" అన్నాడు నా వైపు చూసి. "ఆడ ఈ పుస్తకం బాకీలు తొమ్మిది ఇండ్లకుండాయి. నువ్వు వచ్చి రాస్తావా పాపా, ఇంటికి ఒక అణా ఇస్తా?"

వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అడిగాడో తెలియలేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన వెళ్ళిపోయాడు.

కొత్తపల్లె మాకు రెండు మైళ్ళు. అక్కడి పట్టాళం ఉత్తరాలు కూడా కొన్ని నేనే రాశాను. ఆ తొమ్మిది ఇళ్ళలో ఎవరికి చెదలు తిన్న పుట ఉందో, ఎవరి దగ్గర బొట్ల మూత కూడా లేదో అని ఆ సాయంత్రమంతా అదే తలపు. జయరావు కన్నా ముందే పోయి ఆ ఇళ్ళవాళ్ళకు చెప్పి వస్తానని మర్నాడు పొద్దున అమ్మతో అన్నాను.

"పోతావా? ఒక్కదానివేనా?"

"గురవమ్మ అవ్వ వస్తానంది."

"అయితే పొద్దెక్కకముందే పోయిరండి."

అవ్వ ఊతకర్ర పట్టుకుని గడప దగ్గర అప్పటికే నిలబడి ఉంది. "నువ్వు సట్టం సెప్పు. ఎవురన్నా ఎదురు మాట్లాడితే తిట్టే పని నాకు ఇడిసిపెట్టు" అంది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. నేను వింటూ నడిచాను.

కొత్తపల్లెలో మొదటి ఇల్లు తిరుమలమ్మ పెద్దమ్మది. ఆవిడ వాకిట్లో సజ్జలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది. అవ్వ నోరు తెరవబోయింది. నేనే ముందు అడిగాను.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఏకాంబర శెట్టి అంగడి సామాను ఏదైనా ఉండాదా?"